గోడ ఆరేదాకా

ఓర్లా బట్టల్ని సంచీలో సర్దుతున్నది తల్లి కాదు, మేనత్త. తల్లి ఊనా పొయ్యి పక్కన నిలబడి, చేతులు రెండూ ఆప్రాన్ జేబుల్లో దాచుకుని చూస్తోంది. ఆ చేతులు బయటికి వస్తే సంచీ లాక్కుంటాయని ఆమెకు తెలుసు. పిల్ల ఆస్పత్రి నుంచి వచ్చి వారం తిరగలేదు, మళ్ళీ అదే దగ్గు, అదే పిల్లికూతలు... ఎనిమిదేళ్ళు నిండని ఆ చిన్న ఎదలో ఎవరో రంపంతో కోస్తున్నట్టు చప్పుడు. "దీనికి మందు నా దగ్గర లేదమ్మా, ఆరిన గోడలున్న ఇంట్లో ఉంది" అనేసి డాక్టరు పొద్దున్నే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఐర్లండ్‌లో, మేయో జిల్లాలో మాది చిన్న ఊరు. ఇక్కడ ఒక మాట వంతెన దాటడానికి ఎంతసేపు కావాలి? మధ్యాహ్నానికల్లా ఇమెల్డా కారు గుమ్మం ముందు ఆగింది.

ఇమెల్డా ఊనా భర్తకు అక్క. ఆమె మొగుడు పశువుల వ్యాపారి. కాసిల్‌బార్ పట్నం దారిలో గుట్ట మీద కొత్త ఇల్లు కట్టుకున్నారు. గది గదికీ వేడి గొట్టాలు, అద్దాల వరండా, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ గదుల్లో పరిగెత్తే కాళ్ళు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమె ఒడి నిండలేదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఆమె ముందు అనరు.

"ఈ ఇంట్లో పిల్లల్ని కాదమ్మా, చేపల్ని పెంచుకోవాలి" అంది ఇమెల్డా, ఓర్లా చొక్కా ఒకటి మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని. "చూడు, బీరువాలోంచి తీసిన బట్ట. గుడ్డ పిండితే గ్లాసెడు నీళ్ళొస్తాయి."

"పంపించవే ఊనా" అంది మూలన జపమాల తిప్పుతున్న అత్తగారు డెలియా. "అక్కడ వెచ్చగా ఉంటుంది పిల్లకి. ఇక్కడుంచుకుని నువ్వు చేసేదేముంది, దాంతోపాటు ఏడవడం తప్ప?"

ఊనా భర్త ఫిన్‌టన్ కిటికీలోంచి నదిని చూస్తున్నాడు. బేకరీ వాళ్ళ రొట్టెల బండి నడుపుతాడతను. బండి నడిపేటప్పుడు మాట్లాడడు, దిగాక అసలే మాట్లాడడు. ఇలాంటప్పుడు చూసుకోవడానికి మగవాళ్ళకు ఏదో ఒక నది దొరుకుతుంది.

"ఎన్నాళ్ళుంచుకుంటావు వదినా?" అంది ఊనా.

"గోడలు ఆరేదాకా." ఇమెల్డా సంచీ జిప్పు లాగింది. "క్రిస్మస్‌కి కూడా ఆరకపోతే మాత్రం అక్కడి కాన్వెంటు బడిలో వేసేస్తాను. తొలి సత్ప్రసాదం కూడా అక్కడి గుళ్ళోనే పుచ్చుకుంటుంది. పిల్లని బంతిలా అటూ ఇటూ విసరడం నాకిష్టం లేదు. తర్వాత నన్నేమీ అనకూడదు, ముందే చెప్తున్నా."

ఊనాకి ఆ మాటలో ముల్లు ఎక్కడుందో అర్థమైంది. బడి మారితే స్నేహాలు మారతాయి, గుడి మారితే ఊరు మారుతుంది. ఊరు మారిన పిల్ల తల్లిని చూడటానికి ఆదివారం ఆదివారం చుట్టంలా వస్తుంది! "క్రిస్మస్ లోపలే తెచ్చుకుంటాను" అంది.

"ఈ ఇల్లు ఆరడమా..." అని ఇమెల్డా నవ్వబోయి, తమ్ముడి భార్య ముఖం చూసి నవ్వలేకపోయింది. ఓర్లా మాత్రం ఏడవలేదు. ఏడిస్తే దగ్గొస్తుందని ఆ పిల్లకు తెలుసు. తల్లి మెడను వాటేసుకుని, ఊపిరి బిగబట్టుకుని, కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ ఇల్లు గురించి చెప్పాలి. నది ఒడ్డున ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళ వరసలో చివరిది. అద్దెకు తీసుకునేటప్పుడు వేసవి కాబట్టి అందంగానే కనిపించింది. యజమాని డబ్లిన్‌లో ఉంటాడు. గోడలు కారుతున్నాయని చెబితే "మంట కాస్త పెద్దది చేసుకోండి" అంటాడు. వెనక వంటగది, అందులో ఇనప పొయ్యి. మేడమీద రెండు పడకగదులు. కింద ముందువైపు రెండు గదులు. అందులో చిన్నది ఓర్లాది, రెండోది మంచి గది. మంచి గది అంటే మా ఊళ్ళో విడమరచి చెప్పక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. ఫాదరుగారు వస్తే అందులో కూర్చోబెడతారు, అమెరికా చుట్టాలొస్తే అందులో టీ ఇస్తారు, ఎవరైనా పోతే అందులోనే పడుకోబెట్టి జాగారం చేస్తారు. మిగతా రోజులన్నీ దానికి తాళం. డెలియాది కొట్టు పెట్టి బతికిన కుటుంబం. భర్త కొల్మన్ పోయి, కొట్టు పోయి, కొడుకు అద్దింటికి వచ్చేటప్పుడు ఆవిడ వెంట తెచ్చుకున్నవి తన ముదురెరుపు మఖ్మల్ సోఫా, పింగాణీ సామాన్ల అద్దాల బీరువా, యేసు తిరుహృదయం పటం. వాటన్నిటినీ ఆ గదిలో సర్ది, తలుపు మూసి, తాళంచెవి మెళ్ళో శిలువ పక్కన కట్టుకుంది. అప్పట్నించీ ఆ గదిలోకి వెలుతురు వెళ్ళింది లేదు, మంట వెలిగింది లేదు.

ఓర్లా వెళ్ళిన మర్నాటి నుంచి ఊనా ఇంటి మీద యుద్ధం ప్రకటించింది. గోడలమీది నల్లబూజును బట్టలసోడా నీళ్ళతో వేళ్ళ చర్మం ఊడేలా తోమింది. ఫిన్‌టన్ చేత తెల్లరంగు వేయించింది. పదిరోజులు తిరక్కముందే ఆ తెలుపులోంచి బూజు మళ్ళీ తొంగిచూసింది, నన్ను మర్చిపోయారా అన్నట్టు. ఇనప పొయ్యిని పగలూ రాత్రీ మండించింది. పొయ్యి మీద కెటిల్ ఎప్పుడూ ఉడుకుతూనే ఉంది, పొయ్యి పైన తాడు కట్టి ఇంటిల్లిపాది బట్టలూ ఆరేసింది. వంటగదిలో చొక్కా తడిసిపోయేంత ఉక్క. అయినా ఓర్లా గదిలో గోడ మీద చెయ్యి వేస్తే, చెమట పట్టిన గుర్రం మెడ మీద వేసినట్టే ఉంది. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ తడి. ఎంత మండిస్తే అంత ఏడుస్తోంది ఆ గోడ. ఊనాకి కోపం గోడ మీద, చూపించింది పాపం గిన్నెల మీద.

డెలియా కూడా ఊరుకోలేదు. తలుపు కిందా కిటికీ సందుల్లో పాత మేజోళ్ళలో రంపపు పొట్టు కూరి కుట్టిన చుట్టలు పెట్టింది. సూది దూరే సందు కనిపించినా అందులో ఏదో ఒకటి దోపింది. ఊనా ఒకరోజు కిటికీ కొంచెం తీస్తే ఆవిడ చెక్కలా బిగుసుకుపోయి, "మూసెయ్, ముందు అది మూసెయ్" అంటూ తానే పరిగెత్తి మూసేసింది. ముసలావిడ చాదస్తం అనుకుంది ఊనా.

ఆదివారం పూజ తర్వాత ఇమెల్డా ఇంటికి వెళ్ళారు. ఓర్లా బుగ్గలు ఆపిల్ పండ్లలా ఉన్నాయి. మెట్లమీద పరుగెత్తుతూ పాడుతోంది. దగ్గు లేదు, పిల్లికూత లేదు! అది చూసి సంతోషించాలో ఏడవాలో ఊనాకి తెలియలేదు. కన్నతల్లి దగ్గర ఊపిరాడని బిడ్డ మరొకరి దగ్గర పాడుతోందంటే ఆ పాట తల్లికి ఎలా వినిపిస్తుంది? ఇమెల్డా ఆ పిల్లకు సోడా రొట్టె చిన్న చిన్న ముక్కలు చేసి, వెన్న అంచుదాకా రాసి పెడుతోంది. అలా పెట్టడం ఎవరూ నేర్పితే వచ్చేది కాదు, ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకుంటూ వచ్చినామెకే వస్తుంది. ఊనా అది గమనించింది. గమనించకుండా ఉంటే బాగుండేది, ఎందుకంటే కోప్పడటం ఇంకా కష్టమైపోయింది.

వచ్చేసేటప్పుడు ఓర్లా తల్లి చెవిలో, "అమ్మా, నేనింటికొస్తే నానమ్మ మళ్ళీ ఏడుస్తుందా?" అంది.

"నానమ్మ ఎప్పుడేడ్చిందే?"

"నేను దగ్గినప్పుడల్లా. గుమ్మంలో నిలబడి ఏడుస్తుంది. 'కిట్టీ, కిట్టీ' అంటుంది. కిట్టీ ఎవరమ్మా?"

ఊనాకి తెలియదు. దారిలో ఫిన్‌టన్‌ని అడిగితే, "అమ్మ చెల్లెలట. చిన్నప్పుడే పోయిందట. మా ఇంట్లో ఆ పేరెత్తరు" అన్నాడు. అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటమే ఎక్కువ.

గోడ రహస్యం ఊనాకి గోడ దగ్గర తెలియలేదు, పెరట్లో తెలిసింది. ఆమె పుట్టిల్లు కొండ కింద బురదనేలల్లో. ఆ నేలను ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, కట్టెల బదులు మండిస్తారు. దాన్నే టర్ఫ్ అంటాం. శరత్కాలంలో తమ్ముడు ఒక బండెడు తెచ్చి పెరట్లో పోసి వెళ్ళాడు. వాన పడకుండా డెలియా దానిమీద మైనపుగుడ్డ కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టి, గాలి చొరబడకుండా బిగించేసింది. పైగడ్డలు అయిపోయి కిందివాటి కోసం గుడ్డ లాగేసరికి గుప్పుమని మట్టివాసన. గడ్డలన్నీ చెమటలు పట్టి, తెల్లటి బూజు తొడుక్కుని ఉన్నాయి. మీద ఒక్క చుక్క వాన పడలేదు, అయినా లోపల్నించే కుళ్ళిపోతున్నాయి.

ఊనా ఆ గడ్డను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చిన్నప్పుడు వంగి వంగి నడుం విరిగిన వేసవులు గుర్తొచ్చాయి. నాలుగైదు గడ్డల్ని ఒకదానికొకటి ఆనించి, మధ్యలో ఖాళీ ఉండేలా నిలబెడుతూ పోవాలి. పడుకోబెట్టి ఉంచితే ఎంత ఎండ కాసినా ఆరవు. "టర్ఫ్‌ని ఆరబెట్టేది సూర్యుడు కాదే తల్లీ, గాలి" అనేవాడు నాన్న, ఆమె విసుక్కున్నప్పుడల్లా. మేయోలో బురదనేల పక్కన పుట్టిన ప్రతి పిల్లకూ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా తన ఇంటికి వచ్చేసరికి మర్చిపోయింది! నెలరోజులుగా ఇంటికి గుడ్డ కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టి, లోపల కెటిల్ ఉడకబెడుతూ కూర్చుంది.

తడిచేతులతోనే ఓర్లా గదిలోకి వెళ్ళింది. ఈ ఇళ్ళన్నిటికీ గాలి కోసం గోడలో చిన్న కన్నం వదులుతారు, దీనికి మాత్రం ఎక్కడుంది? బట్టల బీరువాను భుజంతో నెట్టి పక్కకు జరిపింది. ఉంది, బీరువా వెనక. గుడ్డతో బిగించి ఉంది. లాగితే రాలేదు. గోడకు కాలు తన్నిపెట్టి లాగింది. వచ్చింది... అత్తగారి గోధుమరంగు ఉన్నిశాలువా. చిన్నగుడ్డ కాదు, ఒంటినిండా కప్పుకునే మంచి శాలువా. నిరుడు చలికాలంలో గుడి దగ్గర పారేసుకున్నానని చెప్పి, అప్పట్నించీ పల్చటి స్వెటర్‌తో వణుకుతూ పూజకు వెళ్తోందే, ఆ శాలువా. ఊనా గుండెలో రగిలిన కోపం సగంలోనే ఆగిపోయింది.

వంటగదిలో ఫిన్‌టన్ బంగాళాదుంపల ముందు కూర్చున్నాడు. డెలియా టీ పోస్తోంది. ఊనా శాలువా తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"ఇది గోడకెందుకు కప్పారత్తయ్యా?"

"ఎక్కడిది అక్కడ పెట్టు." డెలియా టీ పోయడం ఆపింది. "ఆ కన్నంలోంచి పిల్ల తలమీదికి తిన్నగా కొడుతుంది గాలి. నువ్వు చూడలేదు, నేను చూశాను."

"గాలి లేకే గోడ ఏడుస్తోంది. పెరట్లో టర్ఫ్ చూడండి ఎలా బూజు పట్టిందో. మనమూ ఇంటిని అలాగే మూటకట్టాం. ఆ కన్నాలన్నీ తీసేద్దాం. మంచి గది కూడా తీద్దాం, దాని గోడా ఓర్లా గది గోడా ఒకటే. అటువైపు చలికి గడ్డకడుతుంటే ఇటువైపు ఎంత మండించి ఏం లాభం? తాళంచెవి ఇవ్వండి."

"విన్నావురా, ఫిన్‌టన్?" డెలియా కప్పు ఠక్కున పెట్టింది. "బురదలో గడ్డలు తిప్పుకునే పిల్ల, ఇల్లంటే ఏమిటో నాకు నేర్పుతోంది. మీ పుట్టింట్లో అసలు మంచి గదంటూ ఉందా?"

"లేదు. ఉన్న ఒక్క గదిలో తొమ్మిదిమందిమి ఉండేవాళ్ళం. ఒక్కరికీ దగ్గు రాలేదు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. డెలియా మెళ్ళో తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుంది. "నాకంటూ మిగిలింది ఆ గదొక్కటే. కొట్టు పోయింది, ఇల్లు పోయింది, మీ మామయ్య పోయాడు. రేపు నేను పోతే ఊరంతా వస్తుంది. కొల్మన్ పెళ్ళాన్ని వంటగదిలో, ఆరేసిన లాగూల కింద పడుకోబెట్టారని చెప్పుకోవాలా? నన్ను పడుకోబెట్టడానికైనా ఒక పరువైన గది ఉండనివ్వండి."

ఊనా గొంతు పెంచలేదు. "చచ్చిపోయాక పడుకోవడానికి గది దాచిపెట్టి, బతకాల్సినదాన్ని ఇంట్లోంచి పంపించేశామత్తయ్యా."

పొయ్యిలో గడ్డ ఒకటి విరిగి పడింది. ఫిన్‌టన్ ఫోర్కు కింద పెట్టాడు. "అమ్మా, తాళంచెవి ఇవ్వు" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను తల్లికి ఎదురుచెప్పడం ఊనా వినడం అదే మొదటిసారి.

అప్పుడు డెలియా ముఖం ఒక్కసారిగా కూలిపోయింది. "మీకు తెలీదు... మీకెవరికీ తెలీదు. నాకూ కిట్టీకీ ఒకేసారి వచ్చింది క్షయ. నాకు పదిహేడు, దానికి పధ్నాలుగు. శానిటోరియంలో మందులేముండేవి? గాలే మందన్నారు. మంచాలు తీసుకెళ్ళి వరండాలో వేశారు, జనవరిలో. వరండా కిటికీలన్నీ బార్లా తెరిచేశారు. పొద్దున లేస్తే దుప్పటి మీద మంచు. కిట్టీ నా మంచం వైపు చెయ్యి చాపి, 'డెలియా, మూసెయ్యవే, ఒక్కటంటే ఒక్కటి మూసెయ్యవే' అనేది. నేను మూయలేదు. సిస్టర్లు తిడతారని భయపడ్డాను. మంచు కరగకముందే పోయింది." ఆవిడ శాలువాను ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఓర్లా దగ్గుతుంటే నాకది వినిపిస్తుంది. ఈసారి మూశాను. ప్రతి ఒక్కటీ మూశాను, ఊనా. మళ్ళీ అడిగించుకోకుండా మూశాను."

ఊనా నేలమీద మోకాళ్ళపై కూర్చుని అత్తగారి చల్లటి పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుంది. ఆమెకూ ఏడుపు ఆగలేదు. చాదస్తమనుకుంది, మొండితనమనుకుంది... యాభై ఏళ్ళు ఆలస్యంగా ఒక పిల్ల మాటకు జవాబు చెబుతోంది ఈ ముసలమ్మ!

"కిట్టీ పిన్నమ్మకి గాలి ఉంది, మంట లేదు" అంది చివరికి. "మన ఓర్లాకి మంట ఉంది, గాలి లేదు. రెండూ కలిపి ఎవరూ ఇచ్చి చూడలేదత్తయ్యా. పొయ్యి వెలిగించాకే కిటికీ తీస్తాను. ఎంతసేపు తియ్యాలో మీరే చెప్పండి. మీరు మూసెయ్ అంటే మూసేస్తాను. ప్రమాణం."

డెలియా శాలువా పట్టుకుని మేడమీదికి వెళ్ళిపోయింది.

పొద్దున్నే ఏదో ఈడుస్తున్న చప్పుడుకి ఊనా కిందికి దిగింది. మంచి గది తలుపు బార్లా తెరిచి ఉంది. డెలియా మఖ్మల్ సోఫాను గోడ నుంచి లాగుతోంది. ముందునుంచి పెళ్ళికూతురిలా ఉన్న ఆ సోఫా వెనకంతా నల్లగా, మెత్తగా కుళ్ళి, వేలు పెడితే దిగబడుతోంది. బీరువా వెనక గోడకాగితం తొక్కలా వేలాడుతోంది. తిరుహృదయం పటం అద్దం లోపల నీటిబొట్లు.

"చూడు" అంది డెలియా, కళ్ళు తుడుచుకోకుండానే. "నేను కాపాడుకున్నదంతా వెనకనించి పోయింది. ఇంక చూస్తావేం, అటు చివర పట్టుకో."

ఆ తర్వాత ఇంట్లో జరిగింది చూసి వీధంతా నవ్వింది. మంచి గది గోడపొయ్యిలో మంట వెలిగించగానే పొగ పైకి పోకుండా ఇంట్లోకి తన్నుకొచ్చింది. చిమ్నీలో కాకులు గూడు కట్టేశాయి. ఫిన్‌టన్ పొరుగింటాయనతో కలిసి కప్పెక్కి, తాడుకి ముళ్ళ ఆకుల హాలీ కొమ్మలు కట్టి పైనుంచి వదిలితే, కింద అత్తాకోడళ్ళు తాడు లాగారు. ముళ్ళకొమ్మతో పాటు గూడూ, మసీ, ఒక ఎండిన కాకీ ఒక్కసారిగా ఊడిపడ్డాయి. డెలియా తలనుంచి కాళ్ళదాకా నల్లబడిపోయి, "మీ మామయ్య ఇప్పుడు చూస్తే నన్ను బొగ్గుల బస్తా అనుకుని అమ్మేస్తాడు" అంది. ఊనా నవ్వలేక నేలమీద కూలబడింది. ఓర్లా వెళ్ళాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

గోడకాగితం గీకేశారు. సున్నం వేశారు. సామాన్లన్నీ గోడలకు జానెడు దూరం జరిపారు. తడిబట్టలు పెరటి కొట్టంలోకి మారాయి, కెటిల్‌కి మూత పడింది. రెండు పొయ్యిలూ బాగా రాజుకున్నాక, రోజూ పొద్దున కిటికీలు తెరిచేవాళ్ళు. ఆ కాసేపూ డెలియా కోటు, టోపీ, శాలువా, చేతితొడుగులు అన్నీ వేసుకుని మంట పక్కన కుర్చీలో కూర్చుని, గాలిని బెదిరిస్తున్నట్టు బిగ్గరగా జపమాల చెప్పేది. మొదటిరోజు పది పూసలు, అంటే ఒక దశకం, కాకముందే "మూసెయ్" అంది. ఊనా మారుమాట లేకుండా మూసేసింది. మర్నాడు రెండు దశకాలు. ఆ వారం చివరికి జపమాల పూర్తయ్యేదాకా కిటికీలు తెరిచే ఉన్నాయి. చివరి ప్రార్థన కిట్టీ పేరు మీద చెప్పేది, అందరికీ వినబడేలా.

గోడ ఒక్కరోజులో మారలేదు. మొదట పైమూలలో ఒక పళ్ళెమంత తెల్లబడింది. తర్వాత ఆ తెలుపు కిందికి దిగింది. వాన కురిసిన రోజుల్లో మళ్ళీ వెనక్కి వెళ్ళేది. ఊనా మాత్రం పట్టిన పట్టు విడవలేదు. మేయోలో వాన ఆగాక ఏదైనా చేద్దామనుకునేవాళ్ళు ఏదీ చేయలేరు.

క్రిస్మస్ ముందటి ఆదివారం ఇమెల్డా ఓర్లాను తీసుకుని వచ్చింది. పిల్ల ఒంటిమీద ముదురు నీలం కోటు కొత్తగా మెరుస్తోంది, కాన్వెంటు బడిది. ఊనా ఆ కోటు చూసి మాట్లాడకుండా మంచి గది తలుపు తీసింది. గోడపొయ్యిలో టర్ఫ్ ఎర్రగా కాలుతోంది. మంట ఎదురుగా ఓర్లా మంచం, పక్కనే డెలియా కుర్చీ.

"అమ్మా, నాన్న సోఫా ఏదీ?" అంది ఇమెల్డా నిర్ఘాంతపోయి.

"తగలబెట్టాం" అంది డెలియా. "బాగా మండింది."

"ఇందులో పిల్లని పడుకోబెడతారా... మంచి గదిలో?"

"మంచి గదిలో కాక ఇంకెక్కడ పడుకోబెడతాం? నా సంగతంటావా, నేను పోయినప్పుడు మంచం పక్కకి జరుపుతారు. ఒక్కరోజు సర్దుకుంటుంది మనవరాలు."

ఇమెల్డా తోలు చేతితొడుగు తీసింది. గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించింది. పైన చూసింది, కింద చూసింది. మూలల్లో చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని మంచం వెనక్కి చెయ్యి పోనిచ్చి చూసింది. ఊనా ఊపిరి బిగబట్టుకుని ఉంది. ఆ చెయ్యి ఒక్కచోట ఆగితే చాలు, పిల్ల మళ్ళీ కారెక్కుతుంది. చివరికి ఇమెల్డా లేచి, టోపీ పక్కకి ఒరిగిపోయినా పట్టించుకోకుండా, చెంప తీసుకెళ్ళి గోడకు ఆనించింది. అలాగే ఉండిపోయింది. భుజాలు కదులుతున్నాయి.

"ఆరిపోయింది" అంది గోడతోనే. "ఆరిపోయింది, ఊనా... రోజూ పొద్దున పూజకి వెళ్ళాను. నా పక్కనున్నవాళ్ళంతా నా మేనకోడలి ఆరోగ్యం కోసం అనుకున్నారు. ఈ గోడ ఆరకూడదని మొక్కుకున్నాను నేను. దేవుడి ముందు మోకరించి అదే అడిగాను. నేనెలాంటిదాన్నో చూశావా?"

ఓర్లాకి ఆ మాట ఎంత అర్థమైందో గాని, వెళ్ళి అత్త కోటు అంచు పట్టుకుంది. ఆ క్షణంలో ఊనాకి ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. చేపల మాటా వచ్చింది, సంచీ జిప్పు మాటా వచ్చింది. కానీ కళ్ళముందు కదిలింది అంచుదాకా వెన్న రాసిన రొట్టెముక్క. తన బిడ్డ ఊపిరి తీసుకోవడం మళ్ళీ నేర్చుకున్నది ఈమె ఇంట్లోనే, ఈమె చేతి తిండితోనే. ఇచ్చేయాల్సిన రోజొస్తుందని తెలిసి కూడా పెంచడం ఎంత కష్టమో, కన్న తనకే ఊహకందడం లేదు!

ఊనా వెళ్ళి ఆమె టోపీ సరిచేసింది. "గోడ అన్నాక ఒక్కసారి ఆరితే అయిపోతుందా వదినా? ఇంకా శీతాకాలమంతా ముందుంది. మా చేతులు రోజంతా పొయ్యి దగ్గరే ఉంటాయి, చెమ్మ తెలిసి చావదు. చెయ్యి చల్లగా బయటినుంచి వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. రోజూ ఎవరో ఒకరు వచ్చి చూడాలి."

"రోజూనా?" అంది ఇమెల్డా.

"రోజూ చూడాల్సిందే" అంది డెలియా పొయ్యి కెలుకుతూ. "ఆదివారం కూడా. గోడకి సెలవులేముంటాయి?"

ఓర్లా అప్పటికే నీలం కోటు విప్పి మంచం మీద పడేసి, నానమ్మ కుర్చీ చేతిమీదికి ఎక్కింది.

మర్నాడు ఇంకా టీ కప్పులు కడగకముందే గుమ్మం ముందు కారు ఆగింది. ఇమెల్డా తిన్నగా మంచి గదిలోకి వెళ్ళి, ఓర్లా జుట్టు నిమిరి, చేతితొడుగు తీసి గోడ మీద చెయ్యి పెట్టింది. గోడ ఎండిన రొట్టెలా పొడిగా ఉంది. ఆమె చాలాసేపు ఆలోచించింది.

"ఈ మూల కాస్త చెమ్మగా ఉన్నట్టుంది, ఊనా" అంది. "రేపొచ్చి మళ్ళీ చూడాలి."

ఊనా పక్కన నిలబడి తనూ అదే మూలలో చెయ్యి పెట్టి చూసింది.

"అవును వదినా" అంది. "ఉన్నట్టే ఉంది. రేపు పొద్దున్నే రా."